నాన్నా, ఏమిటీ హడావుడి?

ఈ వారం వీడియోలో గోవర్ధన పూజ గురించి పన్నెండు నిమిషాలే చెప్పగలిగాను. చెప్పాలనుకున్న అసలు విషయం మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మా ఆఫీసులో నాకంటే ఐదారేళ్లు పెద్దాయన ఒకరున్నారు. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. బాబు రెండో తరగతి, పాప ఎల్‌కేజీ. డిసెంబరులో ఒకరోజు టీ దగ్గర, "మీది అరకు కదా తమ్ముడూ, సంక్రాంతి మూడు రోజులకీ అక్కడ మంచి రిసార్ట్ ఏదైనా చూసి చెప్పు" అన్నారు. పండక్కి ఊరెళ్లరా అని అడిగాను. ఆయన కాసేపు కప్పులోకి చూసి, "పోయినేడు మీ వదిన భోగి ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా అరిసెలు వత్తుతూనే ఉంది. తెల్లారేసరికి జ్వరం. మూడు రోజులూ మంచం మీదే. ఈసారి పండగ నుంచి తప్పించుకోవాలంటే ఊళ్లో లేకపోవడం ఒక్కటే దారి" అన్నారు. ఈ సంగతి తెలిసి వాళ్లమ్మగారు ఫోన్‌లో ఏడ్చారట, నేను బతికుండగానే ఇంట్లో పొయ్యి వెలిగించకుండా పండగా అని.

ఇందులో ఎవరిది తప్పు? నాకైతే ముగ్గురి మాటా న్యాయంగానే అనిపించింది. ఆవిడ జ్వరం నిజం, ఆయన భయం నిజం, ఆ పెద్దావిడ కన్నీళ్లూ నిజమే. ఇంతమందిని బాధపెట్టే పండుగను ఏం చేయాలి, మానేయాలా, పళ్లు బిగబట్టి చేసేయాలా అన్నదే ప్రశ్న. పెళ్లయి, పిల్లలుండి, ఇద్దరూ ఉద్యోగం చేస్తున్న మీలో చాలామందికి ఇదే ప్రశ్న ఉందని నాకు తెలుసు.

ఇదే ప్రశ్న ఒక ఏడేళ్ల పిల్లాడు వాళ్ల నాన్నను అడిగాడు. భాగవతం దశమ స్కంధం, ఇరవైనాలుగో అధ్యాయం. వ్రేపల్లెలో గోపాలురందరూ ఇంద్రయాగం పనుల్లో తలమునకలుగా ఉన్నారు. కృష్ణుడు వచ్చి నందుడి ముందు నిలబడి, నాన్నా, మీ అందరికీ వచ్చిపడిన ఈ సంభ్రమం ఏమిటి, దీనివల్ల ఏం వస్తుంది, ఇది ఎవరి కోసం అని అడుగుతాడు. సంభ్రమం అన్న మాటను గమనించండి. మనం ఇప్పుడు దాన్ని సంతోషమనే అర్థంలో వాడుతున్నాం గానీ, దానికి తొట్రుపాటు, హడావుడి అనే అర్థమూ ఉంది. పిల్లాడి కంటికి ముందు కనబడింది హడావుడి. దేవుడు ఇంకా కనబడలేదు.

అక్కడితో ఆగలేదు. ఇంకో ప్రశ్న వేశాడు, నాకు ఈ అధ్యాయం మొత్తంలో బాగా నచ్చింది అదే. మీరు చేస్తున్న ఈ పని బాగా విచారించి చేస్తున్నదా, లేక ఊరికే లోకంలో అందరూ చేస్తున్నారని చేస్తున్నదా? మనుషులు తెలిసి కొన్ని పనులు చేస్తారు, తెలియక కొన్ని చేస్తారు, తెలిసి చేసినవాడికి ఫలించినట్టు తెలియక చేసినవాడికి ఫలించదు అని కూడా అంటాడు.

నందుడు కోప్పడలేదు. చక్కగా జవాబు చెప్పాడు. వాన ఇంద్రుడిది, వాన వల్లే పంట, పంట వల్లే మన బతుకు, అందుకని ఆ పంటతోనే ఆయనకు పూజ చేస్తాం, ఇది తరతరాలుగా వస్తున్నది, కోరిక వల్లో ద్వేషం వల్లో భయం వల్లో లోభం వల్లో దీన్ని వదిలేసినవాడికి మేలు జరగదు అన్నాడు. అచ్చం మా సహోద్యోగి వాళ్లమ్మగారి మాటే ఇది. భాగవతం ఈ మాటను తీసిపారేయలేదు, నందుడి నోట గౌరవంగా చెప్పించింది. పెద్దవాళ్లు పండుగ మానొద్దు అంటే వాళ్లకు మీ కష్టం పట్టదని కాదు. కృతజ్ఞత చెప్పకుండా తినడం వాళ్లకు భయం. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడే ఈ సంగతి చెప్పాడు. దేవతలు ఇచ్చింది దేవతలకు చూపకుండా తినేవాడిని దొంగ అన్నాడు, తన కోసమే వండుకునేవాడు తినేది పాపమే అన్నాడు. కాబట్టి రిసార్ట్ బఫే పరిష్కారం కాదు. కనీసం నా ఉద్దేశంలో కాదు.

మరి కృష్ణుడు ఏం చేయమన్నాడు? మానేయమనలేదు. మనవి పట్నాలు కావు, జనపదాలు కావు, మనం ఎప్పుడూ అడవుల్లో, కొండల మీద ఉండేవాళ్లం, కాబట్టి ఆవులకు, బ్రాహ్మణులకు, ఈ కొండకు పూజ చేద్దాం అన్నాడు. ఆ వెంటనే చెప్పిన మాట పని ఒత్తిడిలో ఉన్న ప్రతి అమ్మా నాన్నా గోడ మీద రాసిపెట్టుకోవాలి: ఇంద్రుడి కోసం ఇప్పటికే తెచ్చిన సరుకులతోనే ఇది జరగనివ్వండి. కొత్త షాపింగ్ లేదు! ఇంట్లో ఏముంటే అదే. పాయసం దగ్గర్నుంచి పప్పు దాకా వండండి, ఉన్న పాలన్నీ తీసుకురండి, కుక్కలతో సహా, ఊరు దూరం పెట్టినవాళ్లతో సహా అందరికీ పెట్టండి, ఆవులకు గడ్డి వేయండి. తర్వాత మీరు కడుపునిండా తిని, మంచి బట్టలు కట్టుకుని, కొండ చుట్టూ తిరిగి రండి.

ఆ ప్రదక్షిణలో గోపికలు ఎక్కడున్నారో చూడండి. చక్కగా అలంకరించుకుని ఎద్దుల బండ్ల మీద కూర్చుని కృష్ణుడి మీద పాటలు పాడుకుంటూ వెళ్తున్నారు. వంటింట్లో గిన్నెలు తోముతూ లేరు. పండుగ రోజు ఇంటి ఆడవాళ్లు బండెక్కి పాటలు పాడేంత ఓపికతో ఉండాలన్నమాట. మీ ఇంట్లో పండుగ సరిగ్గా జరిగిందా లేదా తేల్చుకోవడానికి నాకు ఇంతకంటే మంచి టెస్ట్ కేస్ దొరకలేదు.

కృష్ణుడు 'మనం కొండల మీద ఉండేవాళ్లం' అన్నాడు కదా. నేను నిజంగానే కొండల మీద పెరిగాను. మా నాన్నగారు ఏజెన్సీలో టీచరు. పదో తరగతి దాకా నా చదువు అరకు చుట్టుపక్కలే. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, పాడేరు జిల్లా కేంద్రం. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. మీకు అరకు అంటే బొర్రా గుహలు, కాఫీ, అద్దాల రైలుపెట్టె. నాకు అరకు అంటే మా పక్కింటి అక్క, చెట్టుకు నిండా కాసిన చిక్కుడుకాయలు కోయకుండా చూస్తూ ఊరుకోవడం.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. పాదు విరగకాసింది. మా అమ్మ, "కాయలు ముదిరిపోతున్నాయి, కూర వండుకోవేమే" అంటే, ఆ అక్క, "ఇంకా కొత్త అవ్వలేదు కదమ్మా, ఎలా తింటాం?" అంది. కొత్త అవ్వడం అంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ఆ కొండల్లో బగతలు, కొండదొరలు, పోర్జలు, కోటియాలు, గదబలు, ఇలా ఎన్నో తెగల వాళ్లున్నారు. ఊరికీ తెగకూ కొంత తేడా ఉన్నా, పద్ధతి ఒకటే. కొత్తగా చేతికొచ్చిన పంటను ముందు దేవతకూ పెద్దలకూ పెట్టాలి, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. ఆ రోజునే కొత్త అంటారు. సామలు వస్తే సామ కొత్త, కొర్రలు వస్తే కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. గోదావరి వైపు కొండరెడ్లకూ మామిడి కొత్త ఉంది. పచ్చి పిందెల్ని రాల్చి పాడుచేయకుండా చెట్టును కాపాడేది కూడా ఈ కట్టుబాటే అని నాకనిపిస్తుంది.

రోజు ఎప్పుడన్నది క్యాలెండర్ చూసి ముందే అచ్చువేసింది కాదు. పంట ఎప్పుడు పండితే అప్పుడు. ఊరి పెద్దలు కూర్చుంటారు, మంచిరోజు దిశారి చెప్తాడు, ఆ కబురు ఇంటింటికీ బారిక చెప్పి వస్తాడు. పూజ పూజారిది. ఎవరి పని వాళ్లది. ఒక్క మనిషి నెత్తిన మొత్తం పండుగ పడదు. వంట ఏమిటో ముందే తెలుసు, ఏ పంటకు కొత్తో ఆ పంటే వంట. చిక్కుడు కొత్త నాడు చిక్కుడే. పద్నాలుగు రకాలు ఉండవు. సాయంత్రానికి డప్పు, తుడుము, మోరి మోగుతాయి. ఆడవాళ్లు వీపుల వెనక చేతులు కలుపుకుని వరసగా థింసా ఆడతారు. పొద్దున వండినవాళ్లే సాయంత్రం ఆడుతున్నారంటే ఒంట్లో ఓపిక మిగిలిందన్నమాట. గోపికల బండి నాకు అక్కడ గుర్తొస్తుంది.

ఒక్క మాట. కొండ మీద అంతా స్వర్గమని నేను చెప్పడం లేదు. ఊటగెడ్డ నుంచి నీళ్లు మోసేది ఆడవాళ్లే, పొలంలో వంగేదీ వాళ్లే. అక్కడి పూజల్లో కోళ్లు, మేకలు, కల్లు ఉంటాయి, అవి మన ఇళ్ల పద్ధతి కాదు. వాళ్ల పండుగ వాళ్ల నేలది, వాళ్ల దేవతలది. దాన్ని మన బాల్కనీలోకి తెచ్చుకుని ఫొటోలు దిగమని అస్సలు అనను. సంక్రాంతి సెలవుల్లో కార్లేసుకుని వచ్చి, పిలవని ఊళ్లోకి దూరి, ఆడవాళ్లను ఆడి చూపించమని డబ్బులు చూపించేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల దగ్గర మనం నేర్చుకోగలిగింది ఒకటుంది. కృతజ్ఞత చెప్పడానికి ఎంత కావాలి, ఎంత అక్కర్లేదు అన్న లెక్క వాళ్లకు స్పష్టంగా తెలుసు.

ఇదే లెక్క మన శాస్త్రంలోనూ ఉంది. కొత్త ధాన్యం తినడానికి ముందు ఆహితాగ్ని, అంటే శ్రౌతాగ్నులు నిలుపుకున్న గృహస్థు, ఆగ్రయణం అనే ఇష్టి చేయాలి. వర్షర్తువులో శ్యామాకాలతో, శరత్తులో వరితో, వసంతంలో యవలతో. శ్యామాకం అంటే మన నిఘంటువుల్లో చామలు, సామలు. సామ కొత్త పేరు విన్నాక ఈ సంగతి చదివితే నాకు ఒళ్లు జలదరించింది. ఎవరిది ముందు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే వాదన నాకు అక్కర్లేదు. రెండుచోట్లా ఒకే మర్యాద ఉంది, అది చాలు.

ఇంకా ముఖ్యమైనది ఇది. ఇష్టి చేయలేనివాడి సంగతేమిటి? శ్రౌతసూత్రాలు దానికీ దారి చూపాయి. కొత్త ధాన్యాన్ని అగ్నిహోత్రపు ఆవుకు మేపి, ఆ ఆవు పాలతో రోజూ చేసే అగ్నిహోత్రమే చేసినా సరిపోతుంది. నా భాషలో చెప్పాలంటే ఇది ఫాల్‌బ్యాక్. పూర్తి విధానం నడవనప్పుడు సిస్టమ్ మొత్తం కూలిపోకుండా చిన్న విధానం పని కానిస్తుంది. సూత్రకారులు సోమరులేం కాదు, వేదంలో ఒక్క స్వరం తప్పితే ఊరుకోనివాళ్లు. వాళ్లే గృహస్థు కుదరకపోవడాన్ని ముందుగానే ఊహించి, చిన్న దారిని కూడా శాస్త్రంలోనే పెట్టారు. చిన్నగా చేసినవాడిని తక్కువవాడు అనలేదు.

ఇదంతా మా సహోద్యోగితో ఒక్కరోజులో చెప్పలేదు, రెండు మూడు టీలు పట్టింది. చివరికి ఆయన, "సరే, మరి మా ఇంట్లో ఏం చేయమంటావ్?" అన్నారు. అప్పుడు ఒక కాగితం తీసుకుని కృష్ణుడి ప్రశ్ననే రాశాం. ఇది విచారించి చేస్తున్నదా, లోకాచారమా? సంక్రాంతికి ఆ ఇంట్లో జరిగే పనులన్నీ ఒక్కొక్కటే ఆ ప్రశ్న ముందు పెట్టాం.

సంక్రమణ పుణ్యకాలం పంచాంగం చెప్పేది, దాన్ని మనం జరపలేం. ఆయన తండ్రిగారు లేరు కాబట్టి ఆ రోజు తర్పణం ఉంది, అదీ ఆగదు. దీపం, కొత్త బియ్యంతో పొంగలి నైవేద్యం, వాకిట్లో ముగ్గు. ఇంతే. విచారించి చేయాల్సినవి ఇంతకంటే తేలలేదు. మొత్తం కలిపి పూట పని. మిగతాదంతా రెండో వైపుకు వెళ్లింది: నాలుగు రకాల పిండివంటలు, అపార్ట్‌మెంట్‌లో పదకొండు ఇళ్లకు పంచే డబ్బాలు, కర్టెన్లు ఉతకడం, పాత సామాను దింపి అటక తుడవడం, పిల్లలకు మూడు రోజులకు మూడు జతలు, స్టేటస్‌లో పెట్టడానికి బొమ్మల కొలువు. వీటిని చెడ్డవి అనను. ఓపిక ఉన్న ఇంట్లో అవే అందం. కానీ వీటికి ముహూర్తం లేదు. అరిసెలకు పుణ్యకాలం ఏ పంచాంగంలోనూ రాయలేదు! నెల ముందు చేసుకోవచ్చు, నెల తర్వాత చేసుకోవచ్చు, వీధి చివర ఆ పనే వృత్తిగా చేసే ఆవిడ దగ్గర కొనుక్కోవచ్చు. నైవేద్యం మాత్రం ఇంట్లోనే వండండి, అది ఒక్క గిన్నె అయినా సరే. ఈ విషయంలో నేను కొంచెం మొండివాణ్ణే.

తర్వాత, బారిక ఎవరు? ఇది నవ్వులాట ప్రశ్న కాదు. ఏ రోజు ఎవరు వస్తున్నారు, ఎవరు ఏం తెస్తున్నారు, టికెట్లు, పాలు, పూలు, అన్నీ గుర్తుపెట్టుకుని అందరికీ చెప్పే పని చాలా ఇళ్లలో అమ్మ తలలోనే నడుస్తుంటుంది. చేతి పని కంటే అది ఎక్కువ అలసట. కొండ మీద ఆ పనికి ఒక మనిషే ఉన్నాడు, అది వంట చేసేవాళ్ల మీద పెట్టలేదు. కాబట్టి ఫ్యామిలీ గ్రూపు నడిపేది నాన్న. వచ్చే ఫోన్లు ఎత్తేది నాన్న. "వదినా, మేం పదిమందిమి వస్తున్నాం" అనే బాబాయిలకు, "రండి, పులిహోర మీరు తెండి" అని చెప్పాల్సిందీ నాన్నే. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్లకు బాగా అలవాటే. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కు మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఐదు తెలుగు కుటుంబాలు కలుస్తాయి, ఇంటికో వంటకం తెచ్చుకుంటారు, ఎవరింట్లోనూ ఎవరూ అలసిపోరు. (ఆ తేదీ కథ కూడా సరదాగా ఉంటుంది. 1939లో రూజ్‌వెల్ట్ షాపింగ్ రోజులు పెరగాలని పండుగను ఒక వారం ముందుకు జరిపితే కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు. చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని స్థిరపరిచారు. మా దిశారి అయితే ముందు సామ కంకి చూసేవాడు.)

ఇక పెద్దవాళ్ల కోపం. కృష్ణుడు పూజ మారిస్తే ఇంద్రుడు ఏడు రోజులు రాళ్లవాన కురిపించాడు కదా, మార్చినందుకు శిక్ష పడినట్టే కదా అని మీరు అడగొచ్చు. వాన పడిన మాట నిజమే. ఏ పూజ అందుకున్న కొండో, ఆ కొండే గొడుగైన మాటా నిజమే. ఇంట్లో కూడా మార్పు చేస్తే కొన్నాళ్లు ఉరుములుంటాయి. అయితే అమ్మను ఇంద్రుడితో పోల్చకండి, ఆవిడ నందుడి పక్షం. ఆవిడకు కావలసింది పొయ్యి వెలగడం, దేవుడి ముందు కొత్త బియ్యం ఉండటం. ఆ రెండూ ఉన్నాయని ముందే చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడొచ్చు. మా సహోద్యోగి ఆ రాత్రే ఫోన్ చేసి, "అమ్మా, ఊరు వస్తున్నాం. పొంగలి నువ్వు వండు, నేను పక్కన నిలబడతాను. అరిసెలు ఈసారి వద్దు" అన్నారట. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "అరిసెలు నాకూ చేతకావడం లేదురా, మీకోసమే చేస్తున్నా ఇన్నేళ్లూ" అన్నారట. ఈ మాట ఆయన నాకు చెప్తుంటే ఇద్దరం కాసేపు అలా ఉండిపోయాం.

పిల్లల సంగతి ఒకటి మిగిలింది. పండుగ రోజు వాళ్లను పనికి అడ్డం రాకుండా ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టకండి. భాగవతంలో ప్రశ్న అడిగింది పిల్లాడే, సమాధానం చెప్పడానికి తీరిక చేసుకుంది తండ్రే. మీ పిల్లల చేత అడిగించండి, ఇది ఎవరి కోసం నాన్నా అని. జవాబు రాకపోతే కలిసి వెతకండి. పంచే పని వాళ్లకే ఇవ్వండి. నైవేద్యం అయ్యాక మొదటి గిన్నె మెట్లు తుడిచే ఆవిడకు, రెండోది వాచ్‌మన్‌కు, కాస్త అన్నం వీధి కుక్కకు. కనుమ నాడు పశువులకు పెట్టే ఇల్లు కాదు మనది, కనీసం కుక్కకైనా పెడదాం. కృష్ణుడు పేరు పెట్టి మరీ చెప్పాడు దాన్ని.

వంట దగ్గర భయపడేవాళ్ల కోసం, మా ఇంట్లో ఇప్పటికీ చేసే సామల పరమాన్నం చెప్తాను, కొత్త బియ్యం దొరకనివాళ్లకు ఇదీ మంచి నైవేద్యమే. ఒక గ్లాసు సామలు రెండు మూడుసార్లు కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లలో సన్నసెగన మెత్తగా ఉడకనిచ్చి, ఒక గ్లాసు కాచిన పాలు పోసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. పొయ్యి కట్టేసి, కొంచెం చల్లారాక ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలపండి, వేడి మీద వేస్తే పాలు విరుగుతాయి. ఏలకుల పొడి, చెంచాడు నెయ్యి, ఉంటే జీడిపప్పు, లేకపోయినా పరవాలేదు. రుచి చూడకుండా దేవుడి దగ్గర పెట్టాలి కాబట్టి బెల్లం కొలత మాత్రం సరిగ్గా చూసుకోండి. బెల్లం తురిమే పని నాన్నలది, తులసిదళం తెచ్చి పైన వేసే పని పిల్లలది.